ఆడపిల్లల వసతిగృహం మెట్టు మీద మగ చెప్పులు

ఇండోనేషియాలోని జోగ్జకార్తాలో ఆడపిల్లలకు గదులు అద్దెకిచ్చే వార్తిని ఆ ఉదయం ఒకే పని పెట్టుకుంది. వరండాలో వేలాడే నియమాల బోర్డుకు రంగు వేయాలి. వానలకు అక్షరాలు వెలిసిపోయాయి గానీ, ముఖ్యమైనది ఇంకా చదవవచ్చు: మగవాళ్లు గుమ్మం దాటరాదు, దాటనిస్తే గది ఖాళీ చేయాలి. ఆ నియమం చూసే తల్లిదండ్రులు పిల్లల్ని నమ్మి పంపేవారు. భర్త పోయి ఒంటరిగా ఉంటున్నా, వీధిలో ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనేవారు కాదు.

రంగు డబ్బాతో వచ్చిన వార్తిని మెట్టు దగ్గరే ఆగిపోయింది. అక్కడ ఒక జత మగ చెప్పులున్నాయి. నల్లవి, పెద్దవి. ఎడమదాని పట్టీ తెగితే ఎవరో ఇనుప తీగతో కట్టారు.

కోపం రావలసిన చోట ఆమెకు ముందు కుతూహలం వచ్చింది. ఎవడివి? ఎప్పుడొచ్చాడు? సెలవులకు మిగతా అమ్మాయిలంతా ఊళ్లకు వెళ్లగా అద్దె గదుల్లో మిగిలింది కాలేజీలో చదివే కినాసిహ్ ఒక్కతే. వార్తిని ఆ పిల్ల గది తలుపుకి చెవి ఆనించింది. లోపల మగ గొంతు తాపీగా ఏదో వివరిస్తోంది.

ఎవరైనా చూశారేమో అడుగుదామని కూరగాయల బండి దగ్గరికి వెళ్లింది. అడగడానికే వెళ్లింది. కానీ ఆ బండి దగ్గర అడగడమంటే ఊరంతా చాటింపు వేయడమే. కాసేపటికి జనం వచ్చేశారు. ఎంత తొందరలో ఉన్నా చెప్పులతో గడప తొక్కే అలవాటు అక్కడ లేదు కనుక, అందరూ మెట్టు మీదే విడిచి లోపలికి నడిచారు. వెనక వచ్చినవాళ్లు ఆ చెప్పుల గుట్ట చూసి లోపల డజను మంది మగాళ్లున్నారని కబురు పంపారు. దాంతో ఇంకొందరు వచ్చారు.

చివరికి వీధి పెద్ద గియోనో, భార్య తుమినితో సహా దిగాడు. ఆయన కాళ్లకు భార్య పూల చెప్పులున్నాయి.

కినాసిహ్ తలుపు తీసింది. గదిలో మంచం, పుస్తకాలు, ఫోన్‌లో పాఠం చెబుతున్న ప్రొఫెసరు గొంతు తప్ప ఇంకేమీ లేవు.

"మరి ఆ చెప్పులెవరివి? నియమం నియమమే. గది ఖాళీ చేసెయ్," అంది వార్తిని.

"వచ్చే వారమే పరీక్షమ్మా. ఇప్పుడు పుస్తకాలేసుకుని ఎక్కడికి పోను?"

వార్తినికి జాలేసింది. కానీ వీధి వీధంతా చూస్తోంది.

ఈలోగా తుమిని గుట్టలోంచి తీగ కట్టిన చెప్పు బయటికి లాగింది. "ఈ తీగ కట్టింది నేనే," అంది మొగుడి వైపు తిరిగి.

"నిన్న విందులో పోయాయని చెప్పాను కదే," అన్నాడు గియోనో.

"పోయినవి వాటంతటవే ఇక్కడికి నడిచొచ్చాయా?"

అందరి చూపులూ కినాసిహ్‌ను వదిలి, ఆ ఇంట్లో ఉన్న ఇంకో ఒంటరి ఆడమనిషి వార్తిని మీదికి మళ్లాయి. అంతసేపూ ఆ పిల్ల ఎలా నిలబడిందో ఆమెకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఆమె తల వాలిపోయింది.

అప్పుడు కినాసిహే మెల్లగా అడిగింది. "అమ్మా, మరి మీ చెప్పులేవీ?"

వార్తిని తన ఉత్త కాళ్ల వైపు చూసుకుంది. నిన్న వీధిలో జరిగిన ప్రార్థన విందు గుర్తొచ్చింది. కరెంటు పోయింది, వాన దంచింది. కాలికి దొరికినవి తొడుక్కుని, విందు పొట్లం నెత్తిన పెట్టుకుని పరుగెత్తుకొచ్చి ఈ మెట్టు మీదే విడిచింది. గుంపులో ఉన్న విందు ఇంటావిడ, తమ గుమ్మంలో పొద్దుటి నుంచీ ఒక జత ఆడ చెప్పులు దిక్కులేకుండా పడున్నాయని చెప్పింది. నవ్వులు మొదలయ్యాయి. తుమిని మాత్రం కొంచెం ఆలస్యంగా నవ్వింది.

అందరూ వెళ్లాక వార్తిని తప్పయిపోయిందని చెప్పి, వేడి వేడి సోయా గింజల టెంపే వేపుడు పళ్లెంలో పెట్టి ఇచ్చింది. పరీక్షయ్యాక కూడా గది నీదేనంది.

కినాసిహ్ ఒక ముక్క నోట్లో వేసుకుని, "సెలవుల్లో ఒక్కదాన్నే ఉంటున్నాను కదా, దొంగలు భయపడేలా మెట్టు మీద ఒక జత మగ చెప్పులు పెట్టుకోవచ్చా అమ్మా?" అని అడిగింది.

వార్తిని బోర్డు వైపు చూసింది.

"ముందు తుమినిని అడిగి రా," అంది.