పేరు అడిగే తుపాకి

ఆయుధపూజ మర్నాటి నుంచి నల్లగుట్ట పటాలంలో కానిస్టేబుల్ అంకమ్మ తుపాకి, ఒక గుండు పేలగానే ఆగి, ఎదుట నిలబడ్డవాడి పేరు అడగడం మొదలుపెట్టింది. పటాలంలో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. తుపాకులన్నాక ఎప్పుడో ఒకప్పుడు నోరు తెరుస్తాయి. నిరుడు ఒకటి మంచినీళ్ళు అడిగేది. ఇంకొకటి ఇంటికి ఎప్పుడు పోతామని అడిగి అడిగి కాపలావాళ్ళను ఏడిపించింది. వాటికి వైద్యం ఉంది, వైద్యుడూ ఉన్నాడు.

చిక్కల్లా జవాబుతో వచ్చింది. పేరు చెప్పేదాకా తుపాకి రెండో గుండును లోపలికి తీసుకోదు. మైదానంలో ఎదుట ఉన్నవి గడ్డిబొమ్మలు. అడిగినవాళ్ళకు జవాబు చెప్పకుండా ఉండడం అంకమ్మకు చేతకాదు. అందుకని మొదటి బొమ్మకు సుబ్బరాయుడని పేరు పెట్టి చెప్పింది. పటాలం నిబంధన ప్రకారం పేరు తెలిసినవాణ్ణి కాల్చాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి. పేరు తెలియనివాడికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. కాబట్టి సుబ్బరాయుణ్ణి మర్యాదగా తీసుకెళ్ళి వంటశాల పక్క నీడలో కూర్చోబెట్టారు. వారం తిరిగేసరికి అక్కడ బొమ్మలు బంతికి కూర్చున్నట్టు వరసగా చేరాయి. పూటకు ఇంత అన్నం వాటికీ వడ్డించాల్సి వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ వరదయ్య అంకమ్మను పిలిపించాడు.

“గురువారం నీ పరీక్ష. అయిదు గుళ్ళు ఆగకుండా పేలాల. లేదంటే యూనిఫాం ఈడ అప్పజెప్పి ఊరికి పో.”

ఆ ఊళ్ళో ఖాకీ తొడిగిన మొదటి ఆడపిల్ల అంకమ్మ. ఆ మాట వినగానే ఆమె చెయ్యి దానంతటదే బెల్టు మీదికి పోయింది. తుపాకిని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మస్తాన్ వలీ కొట్టుకు నడిచింది.

పటాలంలో తుపాకులు బాగుచేసేది మస్తానే. తనంత పనివాడు ఎనిమిది జిల్లాల్లో లేడని తానే చెప్పుకుంటాడు, అది నిజం కూడా. అతను తుపాకిని ఒళ్ళో పడుకోబెట్టి, గొట్టం వెంబడి వేలు పోనిచ్చాడు. గొట్టం పైన చిన్న గొట్టం అతుక్కునే చోట వేలికి మసి అంటింది.

“ఏందమ్మే, దీన్ని చింతపండేసి తోమావా?”

“తోమా అన్నా. పూజ గదా అని ఇటికపొడి గూడా ఏసి తోమా. మా అవ్వ చెంబులు అట్టనే తోమేది.”

“తళతళలాడతంది గానీ, అతుకు అరిగి వదులైపొయ్యింది. గుండు పేలినాక వచ్చే పొగ ఈ గొట్టంలోంచి పొయ్యి రెండోదాన్ని లోపలికి నెట్టాల. అదిప్పుడు ఈ సందులోంచి బైటికొచ్చి మాటలైపోతంది.”

“నీ పేరేంది, అన్నా?” అంది తుపాకి, ఒళ్ళో నుంచే.

“పడుకో అబ్బా,” అన్నాడు మస్తాన్, దాని వీపు తట్టి.

ఆ తర్వాత అతని చేతులు చేసిన పని చూస్తూ అంకమ్మ రెప్ప వేయడం మరిచిపోయింది. అతుకు దగ్గరి పాత బిగింపు ఊడదీశాడు. కొత్తది చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటి, నచ్చక పక్కన పడేసి, ఇంకోటి తీసుకున్నాడు. ఆకురాయితో దాన్ని రవ్వంత అరగదీసి, ఊది, మళ్ళీ అరగదీశాడు. అది గొట్టం మీద కూర్చున్నప్పుడు చప్పుడే రాలేదు. రొట్టె మీద వెన్న కూర్చున్నట్టు కూర్చుంది. చిన్న సుత్తితో అంచు మీద మెల్లగా తట్టి, మళ్ళీ వేలు పోనిచ్చాడు. ఈసారి వేలికి ఏమీ అంటలేదు. దేవుడు మనుషులను చేసేటప్పుడు ఇంత ఓపిక పట్టి ఉంటాడా అని అంకమ్మకు అనుమానం వచ్చింది.

గురువారం మైదానంలో పేర్లు లేని బొమ్మలు అయిదు నిలబెట్టారు. మొదటి గుండు పేలింది. తుపాకి ఒక్క మాట అనలేదు. రెండోది తనంతట తానే లోపలికి వచ్చి కూర్చుంది. అయిదూ ఆగకుండా పేలాయి, అయిదు బొమ్మలూ పడిపోయాయి. వరదయ్య చప్పట్లు కొట్టాడు.

“వాళ్ళ పేర్లేంది సార్?” అంది అంకమ్మ.

మైదానంలో ఎవరూ తల కూడా తిప్పలేదు. వరదయ్య ఆమె పరీక్ష పాసైనట్టు సంతకం పెట్టి, కలం మూత బిగిస్తూ కేక వేశాడు.

“మస్తాన్, ఈ పిల్లని గూడా ఒకసారి చూడు.”

మస్తాన్ చేతులు గుడ్డకు తుడుచుకుని వచ్చాడు. అంకమ్మను బల్ల మీద కూర్చోబెట్టి, గొంతు మీదుగా వేలు పోనిచ్చి, వెలుతురులో చూసుకున్నాడు. వేలికి మసి అంటింది.

“మరీ బిగించబాక అన్నా,” అంది ఆమె. “నీళ్ళన్నా దిగాల గదా.”

“పటాలంలో అందర్నీ నా చేతులతోనే బిగించానమ్మే. దప్పికని ఇంతవరకూ ఒక్కరు గూడా అడగలా.”

అంత మంచి పనివాడి మాటలో తప్పేమీ కనబడక, అంకమ్మ బెల్టు సర్దుకుని గడ్డం పైకెత్తింది.