అన్న కోసం ఒక గోలీ

"మా మహిపాల్ అన్నకు వచ్చిన స్ట్రోక్‌కు కారణం ఏమిటో పెద్ద పెద్ద డాక్టర్లకు కూడా అంతుపట్టలేదని తెలియజేయడానికి గర్విస్తున్నాం!"

హన్మకొండలోని ఒక దవాఖాన మెట్ల మీద నిలబడి భాస్కర్ ఈ ప్రకటన చేయగానే పటాకులు పేలాయి. సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చి, "లోపల పేషెంట్లున్నరు సార్" అన్నాడు.

"మా అన్న గూడ పేషెంటే" అన్నాడు భాస్కర్. సెక్యూరిటీ అతను వెనక్కి పోయి దవాఖాన తలుపులు దగ్గరికి వేశాడు.

మహిపాల్ అన్న మాజీ కార్పొరేటర్, కాబోయే ఎమ్మెల్యే. ఈ రెండో హోదాలో ఆయన చాలా ఏళ్లుగా ప్రజాసేవ చేస్తున్నారు. భాస్కర్ ఆయన కుడిభుజం. స్ట్రోక్ ఎడమ చేతికి వచ్చింది గనుక పార్టీ పనులకు ఆటంకం కలగలేదు.

"బీపీ తోటి, షుగర్ తోటి స్ట్రోక్ వచ్చుడు మామూలు మనుషులకు. అన్నకు ఏ కారణం లేకుంటనే వచ్చింది. గది రాసుకోండ్రి" అని భాస్కర్ విలేకరులకు వివరించాడు. వాళ్లు రాసుకున్నారు.

నేను మందుల సంచీ పట్టుకుని ఆ మెట్ల కిందే ఉన్నాను. నా పేరు బుచ్చిరాములు. కొత్తవాడలో జంపఖానాలు నేస్తాను. పొద్దున భద్రకాళి అమ్మవారి పటానికి దండం పెట్టుకోనిదే మగ్గం ముట్టను. నా భార్య పద్మలతకూ అదే వారంలో అదే జబ్బు వచ్చింది. మగ్గానికి నూలు కండెలు చుడుతూ చుడుతూ ఉండగా చేయి వాలిపోయింది, మాట ముద్దయింది. ఆమె జబ్బుకూ కారణం దొరకలేదు. అయితే ఆమె కోసం ఎవరూ పటాకులు కాల్చలేదు. అమ్మవారి దయవల్ల మాట తిరిగి వచ్చింది. ఇంకోసారి పోతే తిరిగి రాదేమోనన్నదే నా భయం.

ఇంటికి పంపే ముందు డాక్టర్ తేజస్విని మేడం ఇద్దరికీ కలిపే చెప్పింది. "గుండె చూసినం, మెడ నరాలు చూసినం, రక్తం చూసినం. రక్తం గడ్డ యాడికెళ్లి వచ్చిందో దొరకలే. ఇసొంటోళ్లు మస్తుమంది ఉంటరు. కారణం దొరకకున్నా మళ్లీ రాకుండ మన ప్రయత్నం మనం చెయ్యాలె. ఇది రక్తం గడ్డ కట్టకుండ చూసే గోలీ. రోజూ తిన్నంక ఒకటి. ఒక్కరోజు గూడ మానద్దు."

అన్న తన చీటీ చూసుకున్నారు. తర్వాత నా చేతిలోని చీటీ వైపు చూశారు.

"ఈ వదినెకు గూడ గదేనా?"

"అవును సార్."

"ఎంత పడుతది?"

"చాయ్ కంటే తక్కువే."

భాస్కర్ ముఖం చిన్నబోయింది. "మేడం, అన్న లెవల్‌కు తగ్గట్టు ఇంకొంచెం పెద్దది లేదా? రక్తాన్ని ఇంకా పలచగ జేసేది?"

"ఉన్నయి. గుండె లయ తప్పి కొట్టుకునేటోళ్లకు అయి ఇస్తం. మీ అన్న గుండె మంచిగున్నది. ఇసొంటి స్ట్రోక్‌కు దీనికంటే అయి ఎక్కువ పనిచేస్తయని తేలలే. రక్తం కారుడు మాత్రం ఎక్కువ కావచ్చు."

అన్న కళ్లు మూసుకుని ఆలోచించారు. నాయకుడి గొప్పతనం ఇలాంటప్పుడే బయటపడుతుంది. కళ్లు తెరిచి, "ప్రజలు మింగేదే నేను మింగుత" అన్నారు. సాయంత్రానికల్లా ఆ మాట ఫ్లెక్సీ ఎక్కింది. పక్కన గ్లాసెడు నీళ్లు పట్టుకుని అన్న నవ్వుతున్నారు.

ఆ వారంలోనే 'గోలీ దీక్ష' మొదలైంది. అన్న ఆరోగ్యం కోసం ప్రతి కార్యకర్త రోజూ పొద్దున పార్టీ ఆఫీసులో ఒక గోలీ మింగాలి. నెక్కొండ నుంచి రైల్లో వచ్చారు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి బస్సుల్లో, మరిపెడ నుంచి జీపుల్లో వచ్చారు. డాక్టరమ్మ తిన్నాక అన్నది కాబట్టి ముందు ఉప్మా పెట్టారు. భాస్కర్ మైకులో "మింగుడే!" అనగానే అందరూ ఒక్కసారే మింగారు. ఫొటో సరిగ్గా రాలేదని ఫొటోగ్రాఫర్ అంటే మళ్లీ మింగారు. ఇంత క్రమశిక్షణ నేను బడి పిల్లల్లో కూడా చూడలేదు.

మా వార్డు అధ్యక్షుడు సదానందం నాకు పెదవి పైకెత్తి చూపించాడు. "చూడు కాకా, పండ్లు తోముకుంటే చిగుర్లకెళ్లి రక్తం. అన్న కోసం చిందిస్తాన."

"నొస్తాందా బిడ్డా?"

"నొస్తలేదు గని, ఫొటో పెట్టిన. లైకులు ఆగుతలేవు."

గడ్డం గీస్తే పడిన గాటు నుంచి రక్తం ఆగకపోయేసరికి మా మంగలి భయపడ్డాడు. కార్యకర్తలకు గడ్డం గీయనని చెప్పేశాడు. దాంతో అందరికీ గడ్డాలు పెరిగాయి. దీక్ష రెండో దశకు చేరిందని పత్రికలు రాశాయి.

నేను పెద్దగా చదువుకోలేదు. ఒకరి జబ్బుకు ఇంకొకరు మందు మింగడం కొత్త పద్ధతేమో అనుకుని ఊరుకున్నాను. మా వాడ దవాఖానకు పోయేదాకా నాకు ఏ ఇబ్బందీ కలగలేదు.

"అయిపోయినయి బుచ్చన్నా" అంది అక్కడ మందులిచ్చే సమ్మమ్మ. "మొత్తం దీక్షకు పట్టుకపోయిండ్రు."

"మా ఇంటామెకు స్ట్రోక్ వచ్చింది గదమ్మా."

"నాకెరికే. 'మీకు స్ట్రోక్ రాలేదు గద, మీకెందుకయ్యా' అని ఆళ్లను గదే అడిగిన. 'మేం రాకముందే మింగుతానం, మాకు ముందుచూపున్నది' అన్నరు."

వరంగల్ చౌరస్తా నుంచి కాజీపేట దాకా మందుల దుకాణాలన్నీ తిరిగాను. వచ్చిన డబ్బాలు వచ్చినట్టే పార్టీ ఆఫీసుకు పోతున్నాయని చెప్పారు. ఇంటికొచ్చేసరికి పద్మలత గోలీల అట్టను వెలుతురుకు పట్టి చూస్తోంది.

"రేపటికి ఒక్కటే ఉన్నది. ఎల్లుండి ఎట్ల?"

"అమ్మవారు చూస్తది తియ్యి."

"అమ్మవారు చూస్తది. నువ్వు గూడ జర చూడు."

మర్నాడు అన్న పుట్టినరోజు. మా దగ్గర నాయకుడి పుట్టినరోజంటే రక్తదాన శిబిరం ఉండాల్సిందే. ఫంక్షన్ హాల్లో మంచాలు వేశారు. అరటిపండ్లు, జ్యూసు డబ్బాలు పేర్చారు. కార్యకర్తల వరుస రోడ్డు దాకా వచ్చింది. బ్లడ్ బ్యాంకు డాక్టరు మొదటివాడిని అడిగాడు.

"ఏమన్న మందులు వాడుతున్నవా?"

"రోజూ గోలీ సార్! ఇయ్యాల పొద్దుగాల గూడ మింగిన!" అన్నాడతను ఛాతీ విరిచి.

"అయితే ఇప్పుడు తీసుకోం. మానేసి కొన్ని రోజులాగి రా."

రెండోవాడూ అదే మాట చెప్పాడు. మూడోవాడు అడగకముందే చెప్పాడు. అందరూ జ్యూసు తాగి, అరటిపండు తిని ఇళ్లకు పోయారు. మంచాల మీది దుప్పట్లు నలగలేదు. "ఒక్క బొట్టు రక్తం గూడ వృథా కాకుండ శిబిరం విజయవంతం చేసినం" అని భాస్కర్ ప్రకటించాడు. అది నూటికి నూరు పాళ్లు నిజం.

నేను స్టేజీ వెనక్కి వెళ్లి అన్నకు దండం పెట్టాను. చెంప మీద కేకు క్రీముతోనే ఆయన నా మాట ఓపిగ్గా విన్నారు.

"అరెరె, వదినెకు గోలీలు దొరుకుతలేవా? ముందుగాల చెప్పద్దా బుచ్చన్నా!" అని బ్యాగులోంచి ఒక కవరు తీసి నా చేతిలో పెట్టారు. దవాఖానలో ఇచ్చిన కవరే. కొట్టిన పిన్ను కొట్టినట్టే ఉంది. లోపలి అట్టల్లో ఒక్క గోలీ కూడా తీసినట్టు లేదు.

"మరి మీకన్నా?"

"నాకేం ఫికర్? పొద్దున లేస్తే అన్ని వేలమంది నా పేరు మీద మింగుతాండ్రు. మేడారంల నా ఎత్తు బెల్లం భాస్కర్ మోసుకపోయి పెడతడు. మొక్కు నాకు ముడుతదా లేదా?"

నేను జాతర జాతరకూ సమ్మక్క సారలమ్మలకు బెల్లం పెట్టేవాణ్ని. ముట్టదని ఎలా అంటాను? అయినా మనసు ఆగక అడిగాను. "తల్లులకైతే ఎవలి పేరు మీదనో తెలుస్తదన్నా. గోలీకి ఎట్ల తెలుస్తది?"

అన్న పొట్ట పట్టుకుని నవ్వారు. "భాస్కర్, ఇన్నవా? మన బుచ్చన్న జోకులేస్తాండు!"

కవరు పట్టుకుని ఇంటికి వచ్చేశాను. పద్మలత అన్నం తిన్నాక ఒక గోలీ వేసుకుని, అన్న చల్లగా ఉండాలని దేవుడికి మొక్కింది.

కొన్ని వారాల తర్వాత ఆమెను మళ్లీ చూపించడానికి హన్మకొండ తీసుకుపోయాను. తేజస్విని మేడం ఆమె చేయి పట్టుకుని చూసింది. "మంచిగ గట్టిగొచ్చిందమ్మా. గోలీ మానలే గదా?"

"మాననిస్తడా ఈయన?" అంటూ పద్మలత అట్ట తీసి చూపిస్తోంది. అంతలో బయట కేకలు. తలుపు తోసుకుని స్ట్రెచర్ లోపలికి వచ్చింది. దాని మీద మహిపాల్ అన్న. మూతి ఒక పక్కకు పోయింది, మాట లేదు. వెనకాల భాస్కర్, సదానందం గడ్డాలతో పరుగెత్తుకొచ్చారు.

"గోలీ మానేసిండా?" అని మేడం గట్టిగా అడిగింది.

భాస్కర్ నొచ్చుకున్నాడు. "ఏం మాటలు మేడం? గంత వాన పడ్డనాడు గూడ మానలే! నెక్కొండ వేసుకున్నది, మరిపెడ వేసుకున్నది, జిల్లా మొత్తం వేసుకున్నది!"

"ఈయన?"

భాస్కర్ సదానందం వైపు చూశాడు. సదానందం గోడ వైపు చూశాడు.

అన్న ఏదో చెప్పాలని పెనుగులాడారు. మాట రాక, కుడిచేయి అతికష్టం మీద లేపి వేలు చూపించారు. ఆ వేలు పద్మలత చేతిలోని గోలీల అట్ట మీద నిలిచింది. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏమంటాండు అన్న?" అన్నాడు సదానందం.

భాస్కర్ ఆ వేలునూ, ఆ అట్టనూ మార్చి మార్చి చూశాడు. కళ్లు తుడుచుకుని జేబులోంచి ఫోన్ తీశాడు. "అర్థమైందన్నా, నువ్వు ఫికర్ పడకు. హలో... ఆఫీసేనా? జల్ది అన్ని మండలాలకు చెప్పుండ్రి. రేపటి సంది మనిషికి రెండు!"

పద్మలత అట్టను చీర కొంగులో వేసి గట్టిగా ముడి వేసుకుంది.