చివర ఎవరండీ?

అన్సెల్మో పొద్దున్నే కోర్దోబాలో బస్సు దిగి, కాఫీ చల్లారేలోగా రోజంతటికీ పథకం వేసేశాడు. ముందు పాత మసీదు, తర్వాత వంతెన, ఆ తర్వాత సాన్ బసీలియో పేటలో మండువాలు, తిండి చివర్లో. మే నెల కదా, మా ఊళ్ళో జనం మండువాలను పూలకుండీలతో నింపి, తలుపులు బార్లా తీసి వచ్చేపోయేవాళ్ళకు చూపించుకుంటూ, బహుమతుల కోసం పోటీపడే రోజులు.

"నాకు మసీదూ వద్దు, వంతెనా వద్దు. గిన్నెడు సల్మొరేహో తినిపించండి చాలు," అంది అతని అత్తగారు ఒబ్దూలియా.

టమాటాలు, రొట్టె, వెల్లుల్లి ఆలివ్ నూనె పోసి మెత్తగా రుబ్బి, చల్లబెట్టి, పైన ఉడికించిన గుడ్డు తరిగి చల్లుతారే, అదే. పెళ్ళయిన కొత్తలో ఈ ఊళ్ళోనే భర్తకు ఎదురుగా కూర్చుని తిన్నది. ఆయన పోయాడు, రుచి మాత్రం నాలుక మీద ఉండిపోయింది. సాయంత్రం బస్సుకి కొండమీది ఊరికి తిరిగి వెళ్ళిపోవాలి. మళ్ళీ వచ్చే ఓపిక మోకాళ్ళకు ఉంటుందో లేదో ఆవిడకే తెలియదు.

"చివర్లో తిందాం అత్తయ్యా! ఇప్పుడే తింటే నిద్రొస్తుంది."

ఆవిడకు అన్నీ చివర్లోనే. బస్సెక్కడం చివర, ఫొటోలో చివర, కోడికూరలో చివరి ముక్క. అన్సెల్మో పేరు చెబితేనే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ కథ చెప్పేవాడికి ఒళ్ళు మండకూడదట, సరే, కానివ్వండి.

మధ్యాహ్నానికి సాన్ బసీలియో సందుల్లో ఎండ తెల్లగోడల మీద పాలు పొంగినట్టు పొంగుతోంది. అన్సెల్మో ముందు, అతని భార్య కసిల్దా మధ్యలో, ఒబ్దూలియా ఎక్కడో వెనక. మూసి ఉన్న ఒక నీలం తలుపు ముందు కాస్త నీడ, కూర్చోవడానికి మెట్టు కనిపించాయి. ఆవిడ చెప్పులు విడిచి కూలబడింది. తలుపు అవతల ఎక్కడో నీళ్ళు సన్నగా పడుతున్నాయి. గోడ మీంచి మల్లెతీగ వాసన దిగుతోంది. కళ్ళు మూతపడ్డాయి. భర్త ఎదురుగా కూర్చుని, రొట్టె తుంచి చేతికిస్తున్నాడు.

"చివర ఎవరండీ?" అని వినిపించింది.

మా ఊళ్ళో వరుసలో చేరే ముందు అడిగే మాట ఇది. చివరి మనిషెవరో తెలిస్తే చాలు, ఆ మొహం గుర్తుపెట్టుకుని ఏ నీడలోనైనా నిలబడొచ్చు.

"నేనేనమ్మా. ఎప్పుడూ నేనే," అంది ఒబ్దూలియా కళ్ళు తెరవకుండా.

అడిగినావిడ వెనకే నిలబడింది. ఆవిడ వెనక ఒక జంట, వాళ్ళ వెనక ఎక్కడినుంచో వచ్చిన చర్చి పాటల బృందం.

"లోపల ఏముందండీ?"

"సల్మొరేహో," అంది ఒబ్దూలియా కలలోంచే.

ఆ మాట వెనక్కి పాకింది. సందు మధ్యకు చేరేసరికి అది ఉచిత సల్మొరేహో అయింది. మలుపు తిరిగేసరికి బహుమతి కొట్టిన సల్మొరేహో అయిపోయింది.

అవతలి వీధిలో కసిల్దా వెనక్కి తిరిగి చూసింది. "అమ్మేదీ?"

"నీ వెనకే ఉందిగా! ఫోన్ చెయ్యి."

చేసింది. తన భుజాన ఉన్న అమ్మ సంచిలోనే మోగింది. మోయలేక పొద్దున్నే అమ్మ ఆ సంచిని తనకిచ్చేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరూ వెనక్కి పరిగెత్తి, మలుపులో వరుస తోక దగ్గర ఆగిపోయారు.

"అబ్బో! ఇంతమంది ఉన్నారంటే మొదటి బహుమతి మండువా ఇదే!" అన్నాడు అన్సెల్మో. "చివర ఎవరండీ?"

"మా అమ్మ తప్పిపోతే వరుసలో నిలబడతావా? నీకసలు బుద్ధుందా?"

"సల్మొరేహో పెడుతున్నారట. ఆవిడ తప్పకుండా ఇటే వస్తుంది చూడు."

కసిల్దా విసురుగా ముందుకు నడిచింది. "వరుస! ఓ అమ్మా, వరుస!" అని సందంతా గగ్గోలు పెట్టింది.

"మా అమ్మను వెతుక్కుంటున్నానండీ!"

"అమ్మలు అందరికీ ఉన్నారు. వెనక్కి రండి!"

కసిల్దా వెనక్కొచ్చి మొగుడి పక్కన నిలబడింది.

అప్పుడు నీలం తలుపు తెరుచుకుంది. ఇంటి యజమాని డోన్ లెయాంద్రో, ఒంటరి ముసలాయన, బనీనుతో, చేతిలో చెత్తసంచితో బయటికొచ్చి నిర్ఘాంతపోయాడు.

"ఏంటీ జనం? ఎవరు పోయారు? నేనేనా?"

ఒబ్దూలియా ఉలిక్కిపడి లేచింది. "క్షమించండి, నీడ కోసం కూర్చున్నాను. అబద్ధమెందుకు, ఆకలి కూడా వేస్తోంది."

ఆయన చెత్తసంచి కింద పెట్టాడు. "మా ఆవిడ పోయినా ఆవిడ కొలత పోలేదు. ఒక్కడికి సరిపడా సల్మొరేహో చెయ్యడం నాకింకా చేతకాదు. రండి, కుండెడుంది."

ఆవిడ వెనక వరుస కూడా కదిలింది. లోపల ఎండిన కుండీలు, తీగ మీద ఆరేసిన లాగులు, గూట్లో ముక్కుతూ పాడే ఒక పిట్ట. జనం గొంతు తగ్గించి మాట్లాడారు.

"ఎంత సహజంగా ఉందో!"

"ఆ లాగులు కావాలనే ఆరేసుంటారు. కళంటే అదీ!"

ఒబ్దూలియా మల్లెతీగ కింద కూర్చుని మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది. అదే రుచి. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి, కానీ చెంచా ఆగలేదు. మిగతావాళ్ళకు తలా చెంచాడు చొప్పున కుండ తిరిగింది.

అన్సెల్మో గుమ్మం చేరేసరికి డోన్ లెయాంద్రో కుండ బోర్లిస్తున్నాడు.

"అయిపోయింది నాయనా."

"ఇంతసేపు నిలబడ్డానండీ! కనీసం మండువా అన్నా చూడనివ్వండి."

"ఇంకేముంది చూడ్డానికి? బట్టలు కూడా తీసేశాను."

"కసిల్దా!" అంటూ లోపల్నుంచి ఒబ్దూలియా వచ్చింది, మూతి తుడుచుకుంటూ, జడలో మల్లెరెమ్మతో. "ఎక్కడ తిరుగుతున్నారే మీరు?"

కసిల్దా తల్లిని వాటేసుకుని భోరుమంది. "తిన్నావా అమ్మా?"

"రెండు గిన్నెలు. మీ నాన్న ఎదురుగా కూర్చున్నట్టే ఉంది."

అన్సెల్మో కడుపు సందంతా వినిపించేలా గుర్రుమంది. ఆ వేళకు మా ఊళ్ళో హోటళ్ళ వంటిళ్ళన్నీ కట్టేసి ఉంటాయి. ఇంతలో మలుపు తిరిగి ఒకావిడ రొప్పుతూ వచ్చింది.

"చివర ఎవరండీ?"

ఒబ్దూలియా తాపీగా చెప్పులు తొడుక్కుంది.

"మా అల్లుడు."