ఊబి రేవులో ఇంగ్లీషు పరీక్ష

"మీ అరుపు మీ హక్కు. దాని జోలికి మా ప్రభుత్వం రాదు."

ఒక పెద్ద అడవిలో ఎన్నికల ముందు సింహం ఇచ్చిన మాట ఇది. గెలిచాక నక్కను విద్యామంత్రిని చేసింది. నక్క కొన్నాళ్లు జూలో ఉండి వచ్చింది. అక్కడ ఇంగ్లీషు వింది. అదే అర్హత.

వెంటనే చట్టం వచ్చింది. ఇకపై హెచ్చరికలన్నీ ఇంగ్లీషులోనే చెయ్యాలి. వాక్యం మొదట పార్టిసిపియల్ ఫ్రేజు, చివర కాంపౌండ్ ప్రెడికేటు ఉండి తీరాలి. పరీక్ష తప్పినవాళ్లు కాపలా మాని, చోటు ఖాళీ చెయ్యాలి.

వాగు రేవులో కాపలా తీతువు పిట్టది. అక్కడ పైన పచ్చగడ్డి, కింద ఊబి. అటు ఎవరు అడుగేసినా కీచుమని అరిచి ఆపేది. దాని గుడ్లూ ఆ ఒడ్డునే ఉన్నాయి. వాటిని వదిలి ఎక్కడికి పోతుంది? తిట్టుకుంటూనే నక్క పెట్టిన కోచింగులో చేరింది.

"కాంపౌండ్ ప్రెడికేటు అంటే కర్త ఒక్కరే, పనులు రెండు," అంది నక్క.

"గుడ్లు పొదుగుతూ కాపలా కాసేదాన్ని, నాకు తెలీదా సార్?"

"పార్టిసిపియల్ ఫ్రేజు సొంతంగా నిలబడలేదు. ఎవరో ఒకరిని అంటిపెట్టుకుని, వాళ్లేం చేస్తున్నారో చెబుతూ బతుకుతుంది."

"అచ్చం మీలాగే!"

రేవులో వింటున్న కప్పలు పగలబడి నవ్వాయి.

పరీక్ష రోజు సింహం స్వయంగా వచ్చింది. పచ్చగా ఉంది కదాని దర్జాగా గడ్డి మీదికి నడిచింది. తీతువు రెక్కలు కొట్టుకుంటూ అరవబోయింది.

"అరుపు నిషేధం!" అంది నక్క. "వాక్యం!"

"వాకింగ్ టువర్డ్స్ ది మడ్..."

"భేష్! ఫ్రేజు వచ్చింది. తొందరపడకు."

సింహం మోకాళ్ల దాకా దిగింది. "ఏమంటోందది?" అని అడిగింది.

"తమరి గురించే ప్రభూ, చక్కగా చెబుతోంది."

"ది కింగ్ స్లిప్స్..."

"ఒక పని అయింది. రెండోది?"

"అండ్ సింక్స్."

"పదికి పది!" నక్క చప్పట్లు కొట్టింది. బురదవైపు నడిచిన రాజు జారనూ జారింది, మునగనూ మునిగింది. తల మాత్రమే పైన మిగిలింది.

"కాపాడండ్రోయ్!"

"అరుపు నిషేధం మహారాజా," అంది తీతువు వినయంగా. "ముందు ఫ్రేజు చెప్పండి."

చివరికి ఆ కేక విని వచ్చిన ఏనుగు తొండంతో బయటికి లాగింది. సింహం బురద విదిలించుకుంటూ, "చట్టం రద్దు చేస్తా. ఇది నా మాట!" అంది.

"తమరి మాట ఒకసారి విన్నాం ప్రభూ," అంది తీతువు గుడ్ల మీద సర్దుకుని కూర్చుంటూ. "గొంతు మాది, గూడు మాది! ఈసారి తారీఖు చెప్పండి."

"గొంతు మాది, గూడు మాది!" కప్పలు అందుకున్నాయి. సింహం ఇంకా తారీఖు వెతుకుతూనే ఉంది.

నీతి: రాజు మునిగినా ఫరవాలేదు, వాక్యం తేలాలి. రద్దు సంగతి ఏమైందో సింహం జవాబు చెప్పడానికి తీతువు పెట్టిన గడువు సెప్టెంబరు ఐదు, గురుపూజోత్సవం.