వాలు వీధిలో పదహారు టైర్లు

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి టైర్లు వస్తాయి. తొమ్మిదింటికల్లా ఊరవతల, తనను ఎరగని మెకానిక్కు ఎవరి చేతనైనా బిగింపించుకోవచ్చు. సాయంత్రం నాలుగింటికి కమిటీ వాళ్ళకు బండి చూపించి, ఆదివారం మనిసాలెస్ ఊరు ఊరంతా రోడ్డుకిరువైపులా నిలబడి చూస్తుండగా పాత కార్ల ఊరేగింపులో దర్జాగా చెయ్యి ఊపుకుంటూ పోవచ్చు. భూగోళం మాస్టారు ఎవేలియో అర్బెలాయెస్ వేసుకున్న పథకం ఇదీ. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేసి, పక్క మీద పడుకునే గాలిలో చెయ్యి ఎలా ఊపాలో రెండు మూడు విధాల ఊపి చూసుకున్నాడు.

ఆ కారు అతని తండ్రిది. పావురం రంగు, గుండ్రటి దీపాలు, తలుపు వేస్తే గుడిగంట మోగినట్టు మోత. దాన్ని ఊరేగింపులో చేర్చుకోమని పదకొండేళ్ళుగా అర్జీ పెడుతూనే ఉన్నాడు. ఈ ఏడు చేర్చుకున్నారు. షరతు ఒక్కటే: టైర్లు బాగుండాలి. ఎవేలియో కారు టైర్లు అప్పుడే క్షవరం చేయించుకుని వచ్చిన గుండ్లలా నిగనిగలాడుతున్నాయి.

టైర్లంటే అతని వీధివాళ్ళు తొక్కే గడప ఒక్కటే. వీధి దిగువన, మలుపులో, అందరూ గౌరవంగా 'దోన్' అని పిలిచే హిల్దార్దో కొట్టు. ఆ హిల్దార్దోయే ఎవేలియో కూతురికి జ్ఞానతండ్రి. జ్ఞానస్నానం జరిగిన నాటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు, బిడ్డకు తోటి తండ్రి అనే అర్థంలో, 'కొంపాద్రే' అనే తప్ప పేరు పెట్టి పిలుచుకోలేదు. అలాంటి వరస ఉన్నవాణ్ణి కాదని ఇంకోచోట టైరు కొంటే తోడబుట్టినవాణ్ణి కాదన్నదానికంటే ఎక్కువ మాట పడాలి.

అయితే హిల్దార్దో కొట్టుకి వెళ్ళడమంటే రెండు గంటల పని. ముందు కాఫీ తాగాలి. తర్వాత ఆయన పాత టైరు విప్పి, అరిగినచోటల్లా వేలితో తడిమి, "ఇదిగో, ఇక్కడ నువ్వు బ్రేకు తొక్కావు. ఇదిగో, ఇక్కడ తొక్కాల్సింది తొక్కలేదు" అని చేయి చూసి జాతకం చెప్పినట్టు చెబుతాడు. అదంతా అయ్యాక ధర చెబుతాడు. బేరమాడితే వరసకి తక్కువ. ఆడకపోతే జేబుకి తక్కువ.

మంగళవారం మధ్యాహ్నం బడిలో కూచుని ఎవేలియో ఫోను చూస్తుంటే ఆన్‌లైన్ కొట్టు ఒకటి కళ్ళబడింది. అదే కొలత, సగానికి సగం ధర. శనివారానికి గుమ్మంలో దింపుతారట. అతని గుండె కుర్రవాడి గుండెలా కొట్టుకుంది. నెలకు కట్టాల్సింది పెద్ద అక్షరాల్లో, మొత్తం చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నాయి. కళ్ళద్దాలేమో తరగతి గదిలో ఉండిపోయాయి. ఎన్ని కావాలి అని అడిగింది. కారుకి చక్రాలు నాలుగు కదా, నాలుగు అని నొక్కాడు.

ఆ సాయంత్రమే హిల్దార్దో కొట్టు ముందు ఎదురుపడ్డాడు.

"కొంపాద్రే, ఊరేగింపు దగ్గరపడుతోంది. నీ కొలతవి నాలుగు తీసి పక్కన పెట్టాను. ఎప్పుడొస్తున్నావు?"

"ఉన్నవే ఇంకో ఏడాది లాగుతాయిలే కొంపాద్రే."

"అవి టైర్లనుకుంటున్నావా? మన బిషప్పుగారి బట్టతలలు. వాన పడితే నువ్వు బ్రేకు ఇక్కడ తొక్కుతావు, బండి పక్క ఊళ్ళో ఆగుతుంది."

"చూద్దాంలే" అనేసి ఎవేలియో తల వంచుకుని మెట్ట ఎక్కేశాడు. ఇంట్లో భార్య నూబియాకి కూడా చెప్పలేదు. నూబియాకి చెప్పడమంటే హిల్దార్దో భార్యకి చెప్పడమే.

శనివారం నూబియా సంతకి వెళ్ళింది. తొమ్మిదింబావుకి లారీ వచ్చింది. డ్రైవరు దిగి, ఒక టైరు దింపాడు, రెండు దింపాడు, నాలుగు దింపాడు. ఆరోది దింపుతుంటే ఎవేలియో దగ్గాడు. పదోది దింపుతుంటే అడ్డం వెళ్ళాడు.

"నేను ఆర్డరిచ్చింది నాలుగయ్యా."

"నాలుగే సార్. నాలుగు సెట్లు. సెట్టుకి నాలుగు."

"అంటే పదహారా?"

"లెక్క మీరే చెప్పాలి, కాగితంలో మాస్టారని రాసి ఉంది."

"నేను చెప్పేది భూగోళం. వీటిల్లో పన్నెండు వెనక్కి తీసుకుపో."

"దింపడం నా పని సార్. ఎక్కించేది వేరే లారీ." డ్రైవరు మిగిలిన ఆరూ దింపి, సంతకం పెట్టించుకుని, కొండ మీది పొగమంచులో కలిసిపోయాడు.

ఎవేలియో పదహారు టైర్లనూ గోడవారగా నాలుగు దొంతర్లు పెట్టాడు. ఎదురింటి రొట్టెల కొట్టు రొసాల్బా చేతికంటిన పిండి దులుపుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ కొట్టులో జున్ను రొట్టెలు చల్లారతాయేమో గాని కబుర్లు చల్లారవు.

"మాస్టారూ, కొట్టు పెడుతున్నారా?"

"అబ్బే, లేదమ్మా. ఇవి ఒక స్నేహితుడివి."

"ఏ స్నేహితుడు?"

ఇరవై ఏడేళ్ళుగా ఖండాలూ నదులూ రాజధానులూ గుక్కతిప్పుకోకుండా చెప్పిన మనిషికి ఆ క్షణాన ఒక్క స్నేహితుడి పేరు తట్టలేదు. రొసాల్బాకి అది చాలు. లోపలికి వెళ్ళి ఫోను అందుకుంది.

పావుగంటలో ఒక టాక్సీ వచ్చి ఆగింది. డ్రైవరు పంక్చరైన చక్రం భుజాన వేసుకుని దిగాడు. "కొత్త కొట్టు మీదేనటగా. మొదటి రోజు తగ్గింపేమైనా ఉందా సార్?"

"ఇది కొట్టు కాదు నాయనా."

"బోర్డు రాకపోతే ఏముంది, చెయ్యి ఉందిగా. తొందరగా కానివ్వండి, టాక్సీలో మనిషి ఎదురుచూస్తున్నాడు."

అతణ్ణి పంపించే దారి వెతుకుతుండగా, కింది నుంచి నూబియా రెండు సంచులతో రొప్పుతూ ఎక్కి వచ్చింది. టైర్ల వంక చూసింది. టాక్సీవాడి వంక చూసింది. సంచులు కింద పెట్టింది.

"బడి ఉద్యోగం మానేశావట."

"ఎవరు చెప్పారు?"

"చేపలమ్మే ఆవిడ. కట్టుకున్నదాన్ని, నా మొగుడి సంగతి నాకు చేపలతో పాటు తూచి ఇస్తే గాని తెలియదా?"

"నూబియా, నా మాట విను" అంటూ ఎవేలియో చెయ్యి విసిరాడు. పొద్దున పక్క మీద సాధన చేసిన ఊపు అంతా ఆ విసురులో ఉంది. మోచెయ్యి దొంతర పైనున్న టైరుకి తగిలింది. టైరు కింద పడి, ఒకసారి ఎగిరి, తిన్నగా నిలబడింది. కాసేపు ఆలోచించుకున్నట్టు అటూ ఇటూ ఊగింది. తర్వాత దిగువకి బయలుదేరింది.

మనిసాలెస్‌లో చేతిలోంచి నారింజ జారితే నది దాకా పోయి వెతుక్కోవాలి. ఇక టైరు సంగతి చెప్పేదేముంది. ఎవేలియో చెప్పులు వదిలేసి దాని వెనక పడ్డాడు. అతని వెనక టాక్సీ డ్రైవరు, అతని వెనక నూబియా, ఆమె వెనక ఊళ్ళో పనిలేని కుక్కలన్నీ. "పట్టుకోండి, పట్టుకోండి" అని రొసాల్బా పైనుంచి కేకలు వేస్తోంది గాని, పట్టుకోవాల్సింది టైరునో మాస్టారినో తెలియక జనం ఇద్దరికీ దారి ఇచ్చారు. టైరు మొదటి సందు దాటింది. పరుపు మోసుకుపోతున్న ఇద్దరు అన్నదమ్ముల మధ్యగా, పరుపు కింద నుంచి దూరి పోయింది. రెండో సందు దగ్గర బస్సు అడ్డం వచ్చింది. ఎవేలియో కళ్ళు మూసుకున్నాడు. బస్సు కీచుమంటూ ఆగింది, టైరు ఆగలేదు. గతుకు మీద నడుమెత్తు ఎగిరి, అవకాడోల బండి అంచు ముద్దు పెట్టుకుని, ఇంకా జోరందుకుంది. కిటికీల్లోంచి జనం చప్పట్లు కొడుతున్నారు. పిచ్చి సంగతేమిటంటే, ఎవేలియోకి ఊపిరాడకపోయినా ఒళ్ళంతా ఏదో హుషారు. చిన్నప్పటి తర్వాత అతను అలా పరిగెత్తలేదు.

మలుపులో దోన్ హిల్దార్దో కొట్టు ముందు ముక్కాలి పీట వేసుకుని కాఫీ తాగుతున్నాడు. చప్పుడు విని తల ఎత్తాడు. కప్పు కింద పెట్టకుండానే కుడికాలు చాపాడు. నలభై ఏళ్ళ కిందట ఊరి ఫుట్‌బాల్ జట్టులో గోలు కాసిన కాలది. టైరు ఆ అరికాలికి తగిలి, గిరగిరా తిరిగి, పెంపుడు కుక్కలా ఆయన పక్కన పడుకుంది.

హిల్దార్దో దాన్ని లేవదీశాడు. చుట్టూ చుట్టిన కాగితం చూశాడు. పక్కనున్న అంకెలు చూశాడు. అంతలో ఆయన జేబులో ఫోను మోగింది. "చెప్పు రొసాల్బా" అని, ఒక నిమిషం విని, "అలాగా" అని పెట్టేశాడు.

ఎవేలియో వచ్చి మోకాళ్ళ మీద చేతులాన్చి నిలబడ్డాడు.

"నాకు పోటీగా కొట్టు పెడుతున్నావట, కొంపాద్రే."

గొంతులో కోపం లేదు. అందుకే ఎవేలియోకి భయం వేసింది. కొట్టు పెడుతున్నానంటే తను శత్రువవుతాడు. నీకు తెలియకుండా ఎవరి దగ్గరో కొన్నానంటే ద్రోహి అవుతాడు. ఈ రెండిటిలో ఏది చిన్న పాపమో ఎవేలియో తేల్చుకోకముందే అతని నోరు మూడోదాన్ని పుట్టించింది.

"నీ కోసమే కొంపాద్రే. పదహారూ నీకే. కానుక. నీ కొట్టు పెట్టి ముప్పై ఏళ్ళు కదా."

"ఇరవై తొమ్మిది."

"ముందుగానే ఇద్దామని."

హిల్దార్దో అతని వంక చూశాడు. తల వంచుకున్నాడు. పెద్ద భుజాలు రెండూ కదిలి కదిలి పోయాయి. అరచేత్తో మొహం కప్పుకున్నాడు. అది చూసి ఎవేలియో ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడే చేరుకున్న నూబియా కళ్ళు తుడుచుకుంది. టాక్సీ డ్రైవరు టోపీ తీశాడు.

మధ్యాహ్నానికి కొట్టు ముందు బల్లలు వేశారు. వీధిలోవాళ్ళు వరసగా నిలబడి మిగతా పదిహేను టైర్లనూ చేతులు మార్చుకుంటూ దింపారు. రొసాల్బా రెండు బుట్టల రొట్టెలు పంపింది. సోంపు సారా సీసాల మూతలు విప్పారు. హిల్దార్దో పీట మీదికెక్కి ప్రసంగించాడు.

"ఈ రోజుల్లో మనుషులు కన్నతల్లిని కూడా ఫోనులో కొనేట్టున్నారు. వరసైనవాడు వీధి చివర కూచుని ఉంటే, వాడి కళ్ళు కప్పి ముక్కూమొహం తెలియని వాళ్ళ దగ్గర టైర్లు తెప్పించుకునే పుణ్యాత్ములున్నారు. అలాంటి కాలంలో, ఇదిగో, నా కొంపాద్రే ఉన్నాడు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవేలియో కొరికిన రొట్టె తిరిగి బుట్టలో పెట్టేశాడు. గడియారం రెండు చూపిస్తోంది. నాలుగింటికి కమిటీ. పదహారు టైర్లు ఇచ్చేసినవాడి కారుకి ఇప్పటికీ బిషప్పుగారి బట్టతలలే. ప్రసంగం అయ్యాక హిల్దార్దోని పక్కకి పిలిచాడు.

"కొంపాద్రే, అనుకోకుండా కమిటీ వాళ్ళు నాలుగింటికే బండి చూస్తామంటున్నారు. ఆ పదహారులో ఒక నాలుగు..."

"కానుకగా వచ్చింది తిరిగి ఇవ్వకూడదు. మా అమ్మ చచ్చి స్వర్గాన ఉంది, చూస్తుంది."

"పోనీ కొనుక్కుంటాను."

"అవి నీకు అమ్మను. పక్కనున్న అంకెలు చూడు. మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. చేసి ఎనిమిదేళ్ళయింది. ఏ గోదాములోనో ఎండి, ఒట్టి పెంకులైపోయాయి. రేపు ఆ వాలు రోడ్ల మీద నా జ్ఞానపుత్రిక కూడా నీ పక్కన కూచుంటుంది కదా. నీకోసం తీసి పెట్టినవి అలాగే ఉన్నాయి. బండి తీసుకురా."

ఎవేలియో బండి తెచ్చాడు. కాఫీ తాగాడు. ఎక్కడ బ్రేకు తొక్కాడో, ఎక్కడ తొక్కలేదో అంతా విన్నాడు. ధర విన్నాడు. బేరమాడకుండా ఇచ్చాడు. నాలుగింటికి అయిదు నిమిషాలుండగా కమిటీ వాళ్ళ ముందు ఆగాడు. వాళ్ళు మోకాళ్ళ మీద కూచుని చక్రాలు చూసి, లేచి, ఇరవై ఆరో నంబరు కాగితం అద్దానికి అంటించారు.

ఆదివారం ఊరేగింపు మొదలయ్యేసరికి వాన పట్టుకుంది. పెద్ద వాలులో ముందున్న ఎర్రకారు జారి పక్కకు పోయింది. ఎవేలియో స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. బ్రేకు తొక్కాడు. పావురం రంగు కారు నేలను పట్టుకున్నట్టుగా ఆగింది. పక్కన కూతురు కేరింతలు కొట్టింది, వెనక సీట్లో నూబియా ముగ్గురు పునీతులకి ఒకేసారి దండం పెట్టుకుంది. మలుపులో హిల్దార్దో గొడుగు కింద నిలబడి ఉన్నాడు. ఆయన చూసింది ఎవేలియోని కాదు, చక్రాలని. తృప్తిగా తల ఊపాడు.

ఆ తల ఊపుడుకి ఎవేలియోకి రాత్రి నిద్ర పట్టలేదు. సోమవారం బడికి పోయే ముందే కొట్టుకి వెళ్ళి, నిలబడ్డపళంగా మొత్తం కక్కేశాడు. ఆన్‌లైన్, సగం ధర, కళ్ళద్దాలు, నాలుగు సెట్లు, కానుక అబద్ధం, అన్నీ.

హిల్దార్దో ఒక కాగితం ముందుకు తోశాడు. "ఇక్కడ సంతకం పెట్టు. అయిదు పనిదినాల్లోపు తిప్పి పంపితే డబ్బు వాపసిస్తారు. ఎక్కించే లారీ రేపు వస్తుంది. టైర్లకి చుట్టిన కాగితం చింపకుండా ఉంచాను."

"అంటే నీకు ముందే తెలుసా?"

"టైరు మీద అంటించిన కాగితంలో నీ పేరు, నీ ఇల్లు, నువ్వు కొన్న తేదీ అన్నీ ఉంటే తెలియదా?"

"మరి నువ్వు ఏడ్చావు."

"నవ్వాను. నీ పరువు పోతుందని మొహం కప్పుకున్నాను."

ఎవేలియో ఆయన వెనకాలే సరుకు గదిలోకి నడిచాడు. అతని పదహారు టైర్లూ ఒక మూల బుద్ధిగా ఉన్నాయి. వాటి పక్కన అలాగే కాగితాలు చుట్టిన గుట్టలు ఇంకో రెండున్నాయి.

"ఇవెవరివి?"

"అది దంతవైద్యుడు నా పుట్టినరోజుకి ఇచ్చిన కానుక, ఇది పాదిరీగారు నా ఆత్మ క్షేమం కోసం ఇచ్చింది," అన్నాడు హిల్దార్దో. "ఈ నెలలో నువ్వు మూడోవాడివి."