పదిహేడవ చోటులో ముడుచుకొన్న గది

ఫిబ్రవరి ఉదయాలు అరిజోనా ఎడారిలో కన్నులు తెరచి కూడా కలను విడువవు. తూర్పుకొండలు మొదట నీలంగా, పిదప కుంకుమపువ్వు కలిపిన పాల రంగులో తేలాయి. చేతులెత్తి నిలిచిన నిలువెత్తు జెముళ్లు, అర్ఘ్యం ఇవ్వవచ్చి నీరు తెచ్చుట మరచిన మునులవలె ఉన్నాయి. ఆ కొండల పాదాన, ఇల్లూ వాహనమూ ఒకటే అయిన నలభై ఇంటిబండ్లు చలికాలమంతా కదలక నిలిచే విడిది ఒకటి ఉంది. అందులో పదిహేడవ చోటున, ఉత్తర డకోటా చలికి వెరచి వచ్చిన డెబ్బై ఏళ్ల వెండెల్ ఓస్ట్‌బీ ఆనాడు ఒక చిన్న పని తలపెట్టాడు.

ఇంటిబండి ఆగిన పిమ్మట మీట నొక్కితే, దాని ప్రక్కగోడ సోఫాతో, అలమారతో సహా రెండు మూరలు బయటికి జరిగి లోపల విశాలమవుతుంది. ఒకేచోట నెలల తరబడి ఉండేవారు ఆ జారుడు గదిని నెలకొకసారైనా లోనికి లాగి, అంచుల రబ్బరు తుడిచి, పట్టాల మీది ఇసుక దులిపి, మరల బయటికి పంపాలి. లేకుంటే అది మొరాయిస్తుంది. ఈ ధర్మాన్ని ప్రతి బుధవారం కాఫీ వేళ విడిదివారందరికీ బోధించేవాడు వెండెల్. అందరూ శ్రద్ధగా వినేవారు. పట్టాలకు గ్రీజు పట్టించమన్న ఒక్క సలహా తప్ప, మిగిలినది ఆచరించినవారు మాత్రం లేరు. నవంబరు నుండి బోధకుడు కూడా ఆచరించలేదు.

ఎవరూ నెలనెలా గది లాగేవారు కారు గనుక, అక్కడ ఒక ఆచారం స్థిరపడిపోయింది. గది లోనికి పోయిందంటే ఆ ఇంటివారు ప్రయాణమైనట్లే. వెళుతున్నామని ఒక్క మాట నోట వచ్చిందా, మధ్యాహ్నంలోపు ఆ చోటు వరుసలో ఉన్న తరువాతివారిది.

"కాఫీ చల్లారేలోపు అయిపోతుంది," అనుకొని వెండెల్ మీట నొక్కాడు.

తాబేలు అవయవాలను ముడుచుకొన్నట్లు గది మెల్లగా లోనికి వచ్చింది. సగం దూరంలో మూలిగింది. పూర్తిగా వచ్చి, ఒక్కసారి వణికి, నిశ్శబ్దమైంది. వెండెల్ బయటికి పంపే మీట నొక్కాడు. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కాడు. ఏమీ కాకపోవడం కూడా గట్టిగానే జరిగింది. అలమార పడకగది తలుపునకు అడ్డంగా కూర్చుంది. ఆ తలుపు వెనుక అతని భార్య ఆర్లిస్ నిద్రిస్తున్నది.

"వెండెల్, తలుపెందుకు తెరుచుకోవట్లేదు?" అని లోపలినుంచి నిదుర గొంతు వినిపించింది.

వెండెల్ బయటికి దిగి పడకగది కిటికీ క్రిందికి పరుగెత్తాడు. ఆర్లిస్ అద్దం జరిపి తల బయట పెట్టింది. కొండ మీది వెలుగు ఆమె నెరసిన జుట్టు మీద పడింది. ఆ వెలుగు కొరకే ఆమె ఆరేళ్లు వరుసలో వేచి ఈ చోటు సంపాదించుకొన్నది. మంచం మీద పడుకొన్నవారి కన్నులకు తొలిపొద్దు తగిలేది పదిహేడవ చోటులో మాత్రమే.

"గది ఇరుక్కుంది. మెల్లగా మాట్లాడు బంగారం, ఎవరైనా వింటే నా పరువేం కాను?"

"నీ పరువు సంగతి తర్వాత. నేను బాత్రూమ్‌కి ఎలా వెళ్లాలి?"

"బాత్రూమ్ నీ వైపే ఉంది కదా."

"ఔను కదూ! అయితే కాఫీ ఇటు ఇయ్యి. తొందరేం లేదు," అంటూ ఆమె ఆవులించి, దిండు కిటికీ అంచున వేసుకొని, కొండవైపు చూస్తూ ఉండిపోయింది.

అప్పుడే ప్రక్కబండి మావిస్ అరటిపండు రొట్టెతో వచ్చింది. భర్త పోయిన ఈ కెనడా ముసలమ్మ చెవిన పడిన వార్త విడిది చుట్టివచ్చేందుకు ఆమె కాళ్లు సరిపోయేవి. ఆమె ముడుచుకొన్న గదిని చూసి రొట్టెను గుండెకు అదుముకొన్నది.

"ఓరి దేవుడా! వెళ్లిపోతున్నారా?"

నిజం చెబితే వచ్చే బుధవారం ఎవరి ముఖం చూడగలడు? వెండెల్ గొంతు సవరించుకొన్నాడు. "ఆ... వెళ్లాలి. అంతే."

"ఫిబ్రవరిలోనా? మీ ఊళ్లో మంచు నడుముల్లోతు ఉంటుందయ్యా!"

"కారణం అడక్కు మావిస్."

అడుగవద్దన్న కారణాన్ని మావిస్ ఊహించుకోవలసి వచ్చింది. వెండెల్ రోజూ వాతావరణం చూసే మనిషి. విడిది ప్రక్కనే ఎండిన వాగు. కొండల మీద వాన పడితే అది ఒక గడియలో పొంగగలదు. గదుల మర్మమెరిగినవాడు నడిచలికాలంలో గది ముడిచాడంటే, ఇంకేముంది? ఆమె రొట్టెతోనే వెనుదిరిగింది.

పది నిమిషాలలో విడిది నిర్వాహకుడు డ్వేన్ పుస్తకం చంకన పెట్టుకొని వచ్చాడు. "వెండెల్ గారూ, చెప్పా పెట్టకుండా వెళ్తున్నారే! సరే లెండి. వరుసలో ముందున్న లాయిడ్ దంపతులకి కబురు పెట్టేశా. రోడ్డవతలే కాచుకుని ఉన్నారు పాపం, రెండేళ్లుగా."

అప్పటికే లాయిడ్ బండి తళతళలాడుతూ పదిహేడవ చోటు ముంగిట వచ్చి నిలిచింది. లాయిడ్ దిగి, టోపీ తీసి, కొండను కొత్త అల్లుడిలా చూసుకొన్నాడు.

కిటికీలోనుండి ఆర్లిస్ ఇదంతా చూసింది. ఆమె కన్నుల కల అప్పుడు చెదిరింది.

"వెండెల్! ఇటు రా. నీ మాట పోతే పోయింది, నా కొండ పోకూడదు. వెళ్లి నిజం చెప్పు."

"అందరి ముందరా?"

"అబద్ధం అందరికీ చేరింది కదా, నిజం మాత్రం ఒక్కరికే ఎందుకు?"

ఇంతలో విడిదంతటా వింత ధ్వని లేచింది. సామవేదానికి స్వరం తప్పినట్లు, తక్కిన ముప్పైతొమ్మిది యంత్రాలు ఒక్కసారి మూలిగాయి. బండి తరువాత బండి గది ముడుచుకొన్నది. కుర్చీలు, పూలకుండీలు, రంగురంగుల గాలిమరలు లోనికి పోయాయి. ఎండలో తేలుతున్న ఊరు కన్నుల ముందే సగమై, ఎవరో మడిచి పెట్టె అడుగున పెట్టబోతున్న పట్టుచీరవలె కనిపించింది.

"ఏంటిది? అందరూ ఎందుకు సర్దుకుంటున్నారు?" అని లాయిడ్ అడిగాడు.

"వరదయ్యా, వరద!" అని మావిస్ కేక వేసింది. "వెండెల్‌కి తెలుసు!"

వెండెల్ మడతకుర్చీ ఎక్కాడు. "వినండి! వరద లేదు. ప్రయాణం లేదు. నా గది ఇరుక్కుంది. నవంబరు నుంచి దాన్ని ముట్టుకోలేదు. ఆర్లిస్ లోపల చిక్కుకుంది. ఇదే సంగతి."

డ్వేన్ తల గోక్కొన్నాడు. "కానీ వెండెల్ గారూ, మాట ఇచ్చేశాం. చోటిప్పుడు లాయిడ్ గారిదే."

అందరూ లాయిడ్ వైపు తిరిగారు. ఆయన భార్య చెవిలో ఏదో అన్నది. ఆయన గంభీరంగా తల ఊపాడు.

"పెద్దాయన గుండెధైర్యం చూడండి! జనం కంగారు పడకుండా తన పరువే పణంగా పెట్టాడు. ఎంత పెద్ద వరదో! డ్వేన్ గారూ, ఈ చోటు మాకొద్దు," అని బండి త్రిప్పాడు. "మీరూ కదలండి బాబూ!" అన్న కేక, దాని వెనుక ధూళి మాత్రమే మిగిలాయి.

ఇక తక్కినవారు నిట్టూర్చి మీటలు నొక్కారు. ఒక్క గది కూడా బయటికి రాలేదు.

"పట్టాలకి గ్రీజు బాగా పట్టించమన్నది ఎవరు?" అని మావిస్ నడుము మీద చేతులు పెట్టింది. "బుధవారం బుధవారం చెప్పావు కదయ్యా!"

"నవంబరులో నేనూ అదే పూశాను," అని వెండెల్ తల దించుకొన్నాడు.

"ఎడారిలో గ్రీజా?" కిటికీలోనుండి ఆర్లిస్ నవ్వింది. "అది ఇసుకని అయస్కాంతంలా లాగుతుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో పదకొండో పేజీలోనే వద్దన్నారు. నువ్వు గురక పెట్టే రాత్రులు నాకదే కాలక్షేపం. వినండమ్మా: ముందు బ్రష్షుతో ఇసుక దులపండి. గుడ్డతో జిడ్డంతా తుడవండి. జిడ్డు లేని స్ప్రే ఒక్క పొర చాలు. ఆ తర్వాత బండి కింద మోటారు చివర హ్యాండిల్ పెట్టి, ఒకరు తిప్పండి, ఇద్దరు నెట్టండి. తొందర పడొద్దు."

నైట్‌గౌనులో, దిండు మీద మోచేయి ఆనించి, ఆమె సేనాపతివలె ఆజ్ఞాపించింది. నలభై ఇండ్లవారు మోకాళ్ల మీద వంగి పట్టాలు తుడిచారు. దేవుని సన్నిధిలో కూడా వారిలో ఎవరూ అంత వంగి ఎరుగరు. మధ్యాహ్నపు ఎండ తేనెవలె చిక్కబడిన వేళ, మొదట పదిహేడవ గది కదిలింది. తరువాత ఒక్కొక్కటిగా గదులన్నీ, పొద్దుకు రేకులు విప్పిన తామరలవలె, బయటికి వచ్చాయి. డ్వేన్ పుస్తకంలో లాయిడ్ పేరు కొట్టివేసి, పదిహేడు ఎదుట మరల ఓస్ట్‌బీ అని వ్రాశాడు.

అలమార తొలగింది. ఆర్లిస్ బయటికి వచ్చి, భర్త ప్రక్కన కూర్చొని, కొండ మీద వంగపండు రంగు నీడలు దిగడం చాలాసేపు చూసింది. ఆకాశంలో మబ్బు తునక అయినా లేదు.

ఆ సాయంత్రం వాన పడనే పడింది. ముప్పై మైళ్ల అవతల, లాయిడ్ దంపతులు క్షేమంగా చేరుకొన్న చోట.