కడుపు నిండిన కారు

ఆ ఆదివారం లెక్కల మాస్టారు ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. అమ్మ స్నానం ముగించేలోగా కారు కింద దూరి, నూనె కారడం ఆపేయాలి. ఆమెకు తెలియకూడదు.

ఆ కారు నాన్నది. ఆయన పోయి ఏడాదయింది. ఆయన కుర్చీ, గొడుగు, కళ్ళజోడు ఒక్కొక్కటిగా ఎటో వెళ్ళిపోయాయి. మిగిలింది కారొక్కటే. అది కూడా మూలపడితే అమ్మ మంచం పడుతుందని మాస్టారి భయం. కొన్ని వారాలుగా ఇంజన్ కింద నల్లటి మరకలు కనిపిస్తున్నాయి. అతను ఎవరికీ చెప్పలేదు. నాన్న పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఒకరి మనసు కష్టపెట్టే మాట ఇంకొకరు ఎత్తరు. కూర మాడినా బాగుందనే తింటారు, జ్వరమొచ్చినా ఎండదెబ్బ అనే అంటారు. అందుకే మరక కనబడినప్పుడల్లా మాస్టారు గుట్టుగా ఇంజన్‌లో కాస్త నూనె పోసి, నేల తుడిచి, బడికి పోయేవాడు. మరకలు మాత్రం పెద్దవవుతూనే వచ్చాయి.

ఇంజన్ అడుగున ఉన్న బోల్టు వాషర్ అరిగిపోయి ఉంటుందని అతని అంచనా. కొత్త వాషర్ జేబులో వేసుకుని, బేసిన్ తీసుకుని కారు కింద పడుకున్నాడు. ఇంజన్‌లో పట్టే నూనె మొత్తం ఆ బేసిన్‌లో పట్టి, ఇంకా చోటు మిగులుతుంది. కొలిచి మరీ తెచ్చాడు, లెక్కల మాస్టారు కదా. బోల్టు ఊడింది. నూనె ధార కట్టింది. బేసిన్ నిండింది. ధార ఆగలేదు.

"ఇదిగో, నిన్నే! ఏదైనా గిన్నె పట్రా!" బొటనవేలు కన్నానికి అడ్డం పెట్టి భార్యను కేకేశాడు.

"ఏ గిన్నె?"

"ఏదో ఒకటి! పెద్దది!"

"పెద్దదాంట్లో బట్టలు నానేశానండీ."

"అయితే చిన్నవి రెండు!"

గిన్నెలతో వచ్చిన పాదాలు కారు దగ్గర ఒక్క క్షణం బిగుసుకుపోయాయి. ఆ తర్వాత ఇంకో గిన్నె కోసం లోపలికి పరుగెత్తాయి. ఈలోగా గుమ్మం దగ్గర తడి పాదాలు కనిపించాయి. అమ్మ!

"అయ్యో, నా వల్లేరా! అంతా నా వల్లే!" అని ఆవిడ ఏడుపు అందుకుంది.

పక్కింటి రిటైరైన కండక్టర్ గోడ మీదుగా తొంగి చూశాడు. కారు కింద రెండు కాళ్ళు. పక్కన నల్లగా పారుతున్నదేదో. ఏడుస్తున్న తల్లి. గిన్నెలతో పరుగెడుతున్న కోడలు.

"రండర్రా! కారు మీద పడింది! మాస్టారు నలిగిపోయాడు!"

వీధిలోంచి నలుగురు దూకారు. కాలికి ఇద్దరు చొప్పున దొరకబుచ్చుకున్నారు.

"నాకేం కాలేదండీ! కాళ్ళు వదలండి!"

"పాపం, ఒంటి మీద స్పృహ లేదు. రైట్... లాగండి!" కండక్టర్ పురమాయించాడు.

మాస్టారు బయటికొచ్చాడు. అతని భుజం తగిలి బేసినూ ఒరిగింది. నడినెత్తి నుంచి మడమల దాకా నల్లబడి లేచి కూర్చున్నాడు. లాగినవాళ్ళలో ఒకాయన జారి, అతని పక్కనే కూలబడ్డాడు.

"బతికే ఉన్నాడమ్మా," అన్నాడు కండక్టర్, కాస్త నిరుత్సాహంగా.

అందరూ కాళ్ళు కడుక్కుని వెళ్ళాక మాస్టారు అడిగాడు. "ఇంత నూనె ఎక్కడిది?"

"నేనూ పోశానండీ," అంది భార్య తల దించుకుని. "మీరు బడికెళ్ళాక. ఆ మరక చూస్తే దిగులు పడతారని."

"నేనూ పోశానురా," అంది అమ్మ. "మధ్యాహ్నం కోడలు కునుకు తీసేటప్పుడు."

ముగ్గురి ప్రేమా పట్టక, ఇంజన్ దొరికిన ప్రతి సందులోంచీ కక్కిందన్నమాట.

మాస్టారు కొత్త వాషర్ బిగించి, కొలిచి నూనె పోసి, ఇంజన్ తిప్పాడు. ఒక్క చుక్క పడలేదు. "అమ్మా, ఇక భయం లేదు. నాన్న బండి ఇంకో పదేళ్ళు ఉంటుంది."

"పదేళ్ళా?" అమ్మ ముఖం వాడిపోయింది. "నిజం చెప్పనా? ఎప్పుడు చెడుతుందా అని చూస్తున్నానురా. మీ నాన్న దీన్ని రోజూ ముద్దుగా తుడిచేవాడు. నన్ను ఒక్కనాడూ ఎలా ఉన్నావని అడగలేదు. నువ్వు దీని ముందు మోకాళ్ళ మీద కూర్చుంటుంటే, నాన్న మీద బెంగ పెట్టుకున్నావనుకున్నా. నీ కోసమే నూనె పోశా."

"నాకూ ఆ సీట్ల వాసన అస్సలు పడదండీ," అంది భార్య మెల్లగా.

"నాన్న నన్ను ఒక్కసారీ నడపనివ్వలేదు," అన్నాడు మాస్టారు. "స్టీరింగ్ పట్టుకుంటే ఇప్పటికీ ఆయన పక్కనుంచి తిడుతున్నట్టే ఉంటుంది."

"అయితే రేపే అమ్మేయరా."

ఏడాదిలో మొదటిసారి ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు సూటిగా చూసుకున్నారు. అప్పుడే గేటు చప్పుడైంది. కండక్టర్. వెనక సగం వీధి. అతని కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"మాస్టారూ, తండ్రి గుర్తు కోసం ప్రాణానికే తెగించారు! ఈ కారుని చచ్చినా అమ్మరని వీధంతా చెప్పుకొచ్చాను."

ఒక పెద్దాయన వచ్చి బానెట్ మీద ఆప్యాయంగా తట్టాడు. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఎలా అమ్ముతాం అన్నయ్యా," అంది.

కారు మాత్రం ఎన్నడూ లేనంత ఆరోగ్యంగా ఉంది.